మారేడు జిగురు, అక్రిలిక్ రంగు

ఖరగ్‌పూర్‌లో రైలు దిగిన తెలుగువాడికి పరాయి ఊరు వచ్చామన్న భావం ఎక్కువసేపు నిలవదు. బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షనునూ, దాని వెంబడి పెద్ద వర్క్‌షాపునూ నెలకొల్పిన నాటినుంచి ఉత్తరాంధ్ర జిల్లాలవారు పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. తరాలు మారినా బజారులో తెలుగు వినబడుతూనే ఉంటుంది. 1072 మీటర్ల పొడవున్న ఈ స్టేషను ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్, ఆ తరువాత 2023లో హుబ్బళ్ళి ఆ ఘనతను తీసుకుపోయాయి.

రైలు పట్టణమంటే రంగుల పట్టణం కూడా. పెట్టెలకు పూసే రంగు, స్తంభాలకు పూసే రంగు, పసుపుపచ్చ పలకమీద స్టేషను పేరు రాసే నల్లరంగు. ఇక్కడ రంగు అలంకారం కన్నా ముందు ఒక కవచం. ఇనుమును తుప్పు నుంచీ, కర్రను వాన నుంచీ కాపాడటం దాని మొదటి ధర్మం. ఇరవయ్యో శతాబ్దంలో చిత్రకళను మలుపు తిప్పిన ఒక రంగు సరిగ్గా ఇటువంటి కర్మాగారాల ప్రపంచం నుంచే వచ్చింది. దాని పేరు అక్రిలిక్. నేడు పుస్తకాల దుకాణంలో పెన్సిళ్ళ పక్కన చిన్న సీసాల్లో, ట్యూబుల్లో దొరికే ఈ రంగు కథ చెప్పుకోవాలంటే ఖరగ్‌పూర్ నుంచి హౌరా వైపు పోయే లోకల్ రైలెక్కి, కొద్ది స్టేషన్ల అవతలనున్న బాలిచక్‌లో దిగి, పింగ్లా ప్రాంతంలోని నయా అనే పల్లెకు వెళ్ళడం మంచిది. అక్రిలిక్ అక్కడ పుట్టలేదు. కాని అది ఏమి తెచ్చిందో, ఏమి తీసుకుపోగలదో అక్కడ కంటికి కనబడుతుంది.

నయా పటువాల ఊరు. పటువాలంటే పటాలు గీసి, వాటిని ఒక్కొక్క గడిగా విప్పుతూ, వేలితో చూపుతూ కథను పాడి వినిపించే వృత్తివారు. ఇంటిపేరు చాలామందికి చిత్రకర్. వీరిలో అధికులు ఇస్లామును అనుసరించేవారే అయినా పాడేది మనసాదేవి కథ, రామకథ, కృష్ణలీలలు, సత్యపీరు మహిమలు. కొత్త సంగతులకు కూడా వీరు వెనుదీయరు. 2004 నాటి సునామీ మీదా, ఎయిడ్స్ వ్యాధి మీదా పటాలు వెలిశాయి. ఒకప్పుడు పటం పట్టుకుని ఊరూరా తిరగడం మగవారి పని. స్త్రీలకు ఈ విద్య నేర్పి వారిని కళాకారిణులుగా నిలబెట్టినవారిలో దుఖుశ్యామ్ చిత్రకర్ పేరు ముందు చెప్పుకుంటారు. నేడు నయాకు పేరు తెచ్చినవారిలో స్త్రీలే ఎక్కువ అనడం అతిశయోక్తి కాదు.

ఈ పటువాల రంగులపెట్టె పెరడే. శంఖుపుష్పం రేకుల రసం నీలం. పసుపుకొమ్ము పసుపుపచ్చ. చిక్కుడాకు ఆకుపచ్చ. జాఫ్రా గింజలు ఎరుపు. టేకు ఆకు నలిపితే వచ్చేది ఎరుపు కలిసిన గోధుమవన్నె. మాడ్చిన బియ్యమో, దీపపు మసో నలుపు. తెలుపుకు ఒక రకం తెల్లమట్టి. ఇవన్నీ కేవలం రసాలూ, పొడులూ. పటంమీద నిలవడానికి వీటికొక తోడు కావాలి. ఆ తోడు మారేడు కాయలోని జిగురు. కొబ్బరిచిప్పల్లో రంగునూ జిగురునూ కలిపి ఎండలో పెడతారు. కావలసినప్పుడు కాస్త నీళ్ళు చిలకరించి కుంచె ముంచుతారు. గీసిన కాగితం వెనుక పాతచీర గుడ్డ అంటించి పటానికి బలం చేకూరుస్తారు.

ఈ మారేడు జిగురే మన కథకు తాళంచెవి. మన భాషలో రంగు అనే ఒక్క మాట కంటికి కనబడే వన్నెకూ, ఆ వన్నెనిచ్చే పొడికీ, డబ్బాలోనుంచి తీసి పూసే పదార్థానికీ సమానంగా చెల్లుతుంది. ఇంగ్లీషులో ఈ మూడింటికి మూడు వేరువేరు మాటలున్నాయి. అనువాదం చేసేవారిని ఈ తేడా తరచు ఇరకాటంలో పెడుతుంది. బొమ్మలు వేసేవారిని అంతకంటే ఎక్కువగా మోసగిస్తుంది. ఏ రంగైనా రెండు వస్తువుల కలయిక: వన్నెనిచ్చే పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు. పొడి అదే అయినా జిగురు మారితే మాధ్యమం మారిపోతుంది. నీలపు పొడిని తుమ్మబంకతో కలిపితే నీటిరంగు, అవిసెనూనెతో నూరితే తైలవర్ణం, గుడ్డుసొనతో కలిపితే టెంపెరా. అదే నీలాన్ని ఒక కృత్రిమ పదార్థపు సన్నని కణాలు తేలే నీటిలో కలిపితే అక్రిలిక్. కాబట్టి అక్రిలిక్ అనేది ఒక వన్నె పేరు కాదు, ఒక జిగురు పేరు. మారేడుకు అది ఫ్యాక్టరీలో పుట్టిన దాయాది.

ఆ పేరుకు మూలం లాటిన్‌లో ఘాటు, వాసన అనే అర్థాలున్న మాటలు. మాడిన కొవ్వు నుంచి వచ్చే కంటిలో నీరు తెప్పించే వాయువుకు రసాయన శాస్త్రజ్ఞులు మొదట ఆ పేరు పెట్టారు. దానినుంచి తయారైన ఆమ్లానికి అక్రిలిక్ ఆమ్లమన్న పేరు వచ్చింది. అట్లా ఉండగా 1901లో ఓటో రోమ్ అనే జర్మన్ యువకుడు ఈ ఆమ్లపు సంతతిమీద డాక్టరేట్ పట్టానికి పరిశోధన చేశాడు. ఇటువంటి అణువులు గొలుసుకట్టుగా అతుక్కుని గాజువలె పారదర్శకమైన పదార్థంగా మారతాయని ఆయనకు తెలుసు. దానితో ఏమి చేయాలో మాత్రం ముప్పై ఏళ్ళ దాకా తేలలేదు. 1907లో ఓటో హాస్‌తో కలిసి స్థాపించిన కంపెనీని నడిపించింది తోళ్ళను మెత్తబరిచే మందు. 1933లో గాని పగలని గాజు వంటి అక్రిలిక్ పలకలు ప్లెక్సిగ్లాస్ పేరిట బయటికి రాలేదు. రెండో ప్రపంచయుద్ధంలో విమాన చోదకుల ముందున్న పారదర్శకపు కప్పులు వీటివే. నేడు మన ఊళ్ళలో డాక్టర్ల పేర్లు రాసి తగిలించే పలకలూ ఆ జాతివే.

యుద్ధానికి ముందే మరొక ఖండంలో చిత్రకారులు కర్మాగారాల రంగుల వైపు చూడసాగారు. మెక్సికోలో విప్లవానంతరం ప్రభుత్వ భవనాల గోడలమీద ప్రజల చరిత్రను చిత్రించే ఉద్యమం నడిచింది. ఎండవానలకు బయటిగోడమీద తైలవర్ణం నిలవదు. తడి సున్నంమీద వేసే పాతపద్ధతి ఆలస్యం. డేవిడ్ సికెరోస్ మోటారుకార్లకు పూసే రంగులను గోడలమీదికి తెచ్చాడు. 1936లో న్యూయార్కులో ఒక ప్రయోగశాల పెట్టి యువ చిత్రకారులచేత రంగును ఒలికించి, చిమ్మించి చూశాడు. ఆ యువకుల్లో జాక్సన్ పొలాక్ ఒకడు. కారుకు పూసే రంగుతో కళాఖండమా అని నొసలు చిట్లించినవారు అప్పుడూ ఉన్నారు.

1940ల చివర అమెరికాలో లెనర్డ్ బొకూర్, సామ్ గోల్డెన్ తయారుచేసిన మాగ్నా చిత్రకారులకోసం వచ్చిన మొదటి అక్రిలిక్ రంగుల్లో ఒకటి. కాని దాన్ని పలచన చేయడానికి నీళ్ళు పనికిరావు, టర్పెంటైన్ వంటి ద్రావకం కావాలి. అసలైన మార్పు ఇంటిగోడల రంగుల ద్వారా వచ్చింది. అక్రిలిక్ కణాలను పాలలో వెన్న తేలినట్టు నీటిలో తేలేటట్టు చేయడం సాధ్యమయ్యాక, సిన్సినాటి నగరంలో హెన్రీ లెవిసన్ 1950ల నడుమ లిక్విటెక్స్ పేరుతో నీటితో కలిపే అక్రిలిక్ రంగును అమ్మకానికి పెట్టాడు. మనం నేడు వాడేది దాని వంశమే.

ఈ రంగు ఎండే తీరు ముచ్చటైనది. తైలవర్ణం ఆరడమంటే నీరు ఇగరడం కాదు. నూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడటం. పైకి తడి ఆరడానికి రోజులు పడుతుంది, లోపలి పొరలు గట్టిపడటానికి నెలలు. అక్రిలిక్‌లో నీరు ఆవిరికాగానే కణాలు ఒకదానికొకటి ఒరుసుకుని, నొక్కుకుని, చివరకు కలిసిపోయి ఒకే పొరగా మారతాయి. పలుచని పూతకు దీనికి పట్టేది నిమిషాలు. ఒకసారి పొర కట్టిన తరువాత దానిమీద ఎన్ని నీళ్ళు పోసినా మళ్ళీ కరగదు. నీటిరంగుకూ దీనికీ ఉన్న తేడా ఇదే. ఒకే పూట పదిపొరలు వేయవచ్చు. కిందిది పైదానితో కలిసి బురద కాదు. తడిగా ఉన్నప్పుడు పాలవలె తెల్లగా ఉండే జిగురు ఆరగానే పారదర్శకమవుతుంది కనుక, ప్రతి వన్నె తడిలో కనబడినదానికన్నా ఒక ఛాయ ముదురుగా తేలుతుంది. కొత్తగా పట్టినవాడు మొదటి వారమంతా ఈ విషయమై తికమకపడతాడు. కుంచెను కడగకుండా భోజనానికి లేచాడా, తిరిగి వచ్చేసరికి అది కర్ర.

కాగితం, గుడ్డ, కర్ర, మట్టి, సున్నపుగోడ, వీటన్నిటినీ అక్రిలిక్ పట్టుకుంటుంది. సున్నంలోని క్షారం నూనెను సబ్బుగా మార్చి తైలవర్ణాన్ని పాడుచేస్తుంది. అక్రిలిక్ దానికి బెదరదు. బెదిరేది ఒక్క జిడ్డుకు. తైలవర్ణంమీద అక్రిలిక్ పూస్తే కొంతకాలానికి పెచ్చులూడుతుంది.

కొత్త పనిముట్టు కొత్త చూపునిస్తుందనడానికి డేవిడ్ హాక్నీ ఉదాహరణ. 1964లో ఇంగ్లండు నుంచి లాస్ ఏంజెలిస్ చేరిన ఈ యువకుడు అక్కడి ఎండకూ, ఈత కొలనులకూ, సమతలమైన గోడలకూ అక్రిలిక్ సరిపోతుందని గ్రహించాడు. 1967లో వేసిన ‘ఎ బిగ్గర్ స్ప్లాష్’లో ఆకాశం, నీరు, ఇల్లు అన్నీ కుంచె జాడ కనబడని నిశ్చలమైన పూతలు. మధ్యలో క్షణకాలం ఎగసిన నీటితుంపర. ఆ క్షణాన్ని చిన్న కుంచెలతో గీయడానికి ఆయనకు సుమారు రెండు వారాలు పట్టింది.

మన దేశంలో రజా, తయ్యబ్ మెహతా వంటి పెద్దలు తైలవర్ణాలలో పేరు గడించిన తరువాత అక్రిలిక్ వైపు వచ్చారు. మన తోట వైకుంఠం కథ మరింత దగ్గరిది. 1942లో కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో జన్మించి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వద్ద శిక్షణ పొందిన ఆయన మొదట బొగ్గుతో గీసిన తెలంగాణ స్త్రీమూర్తులు తరువాత అక్రిలిక్‌లో ఎర్రటి కుంకుమబొట్లతో, చామనఛాయ మేనితో, పట్టంచు చీరలతో వెలిగారు. ఆ నిండైన, మచ్చలేని ఎరుపు అక్రిలిక్ చేతినుంచే అంత తేలికగా వస్తుంది. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌లో మట్టిగోడలమీద బొమ్మలు వేస్తున్న గోండు యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌ను 1981లో జె. స్వామినాథన్ భోపాల్‌కు పిలిపించిన తరువాత, కాగితమూ కాన్వాసూ, పోస్టరు రంగులూ అక్రిలిక్కూ అతని చేతికి వచ్చాయి. గోడమీద ఏటేటా చెరిగిపోయే కళ దేశదేశాల మ్యూజియంలకు చేరింది. ఆ ప్రయాణం అతన్ని ఎంత దూరం తీసుకుపోయిందంటే, 2001లో జపానులో ఒక మ్యూజియంకోసం పనిచేస్తూండగా అక్కడే అతను మరణించాడు.

ఇక నయాకు వద్దాం. అక్కడి ఇళ్ళలో ఇప్పుడు పటాలతోపాటు టీషర్టులూ, చీరలూ, గొడుగులూ, అల్యూమినియం కెటిళ్ళూ బొమ్మలతో నిండి కొనేవారికోసం వేచి ఉంటాయి. కెటిల్‌మీద మారేడు జిగురు ఏమి నిలుస్తుంది? ఉతికే గుడ్డమీద చిక్కుడాకు రసం ఎన్నాళ్ళుంటుంది? ఇటువంటి వస్తువులకు దుకాణపు రంగే దిక్కు. పటం కొనేవారు తక్కువ, చొక్కా కొనేవారు ఎక్కువ. కుటుంబం గడవడం రెండో దానిమీదనే తరచు ఆధారపడుతుంది. కాగా బెంగాల్ పటచిత్రానికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. పట్నం నుంచి వచ్చేవారు అడిగే మొదటి ప్రశ్న, ఇవి ప్రకృతిసిద్ధమైన రంగులేనా అని. ఆ ప్రశ్నలో గౌరవమూ ఉంది, కొంత అన్యాయమూ ఉంది. అడిగే పెద్దమనిషి ఇంటిగోడకు మాత్రం ప్లాస్టిక్ ఎమల్షనే!

నిజానికి పటువాలకు ఫ్యాక్టరీ రంగు కొత్త చుట్టం కాదు. పందొమ్మిదో శతాబ్దంలో పల్లెలనుంచి కలకత్తాకు తరలిన పటువాలు కాళీఘాట్ గుడి దగ్గర మిల్లు కాగితంమీద, ఓడల్లో దిగుమతైన చవకైన నీటిరంగులతో వేగంగా బొమ్మలు వేసి యాత్రికులకు అమ్మారు. పాతపటంలోని గడులు పోయాయి, పాట పోయింది. కాని ఆ వేగం నుంచే ఒక్క ఊపులో సాగే బలమైన రేఖ పుట్టింది. నేడు ఆ బొమ్మలు లండన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. వాటిని ఎవరూ కల్తీకళ అనడం లేదు. తరువాత చక్రం తిరగబడింది. పాశ్చాత్య పద్ధతిలో తైలవర్ణాలు నేర్చి, రూపచిత్రాలు వేసి జీవించిన జామినీ రాయ్ ఆ విద్యను పక్కనబెట్టి పటువాల దారిలోకి వచ్చి, మట్టిరంగులనూ నీలినీ సుద్దనూ చింతపిక్కల జిగురుతో కలిపి వాడాడు. పట్నపు చిత్రకారుడు పల్లె రంగుకు వెళ్ళాడు, పల్లె చిత్రకారుడు పట్నపు రంగుకు వచ్చాడు. ఇద్దరికీ కారణాలున్నాయి.

చింతపిక్కల జిగురు అనగానే తెలంగాణవారికి చేర్యాల గుర్తుకు వస్తుంది. అక్కడి నకాషీలు ఖద్దరు గుడ్డకు చింతపిక్కల పిండి, గంజి, తెల్లమట్టి పూతలు పూసి, ఎర్రని నేలమీద కులపురాణాల కథలు గీస్తారు. ఆ పటాలను విప్పి కథ చెప్పే కులాలు వేరు, గీసే ఇల్లు వేరు. బెంగాల్లో గీసేవాడే పాడతాడు. రాతిపొడులూ గవ్వల తెలుపూ వాడిన చోట నేడు దుకాణపు రంగులు కూడా చేరాయి. కథ చెప్పేవారు తగ్గి, పటం గోడకు వేలాడే వస్తువుగా మారిన తరువాత వచ్చిన మార్పు ఇది. నాకు రంగు మారడం కన్నా ఆ విడిపోవడమే పెద్ద నష్టమనిపిస్తుంది.

మరి ఏది ఎక్కువకాలం నిలుస్తుంది? ఇక్కడే పొడికీ జిగురుకీ మధ్య తేడా మరువకూడదు. పసుపులోని పచ్చదనం వెలుతురుకు త్వరగా పాలిపోతుంది. శంఖుపుష్పపు నీలమూ అంతే. అదే పటంలోని మసి నలుపూ, మట్టి తెలుపూ తరాలైనా చెక్కుచెదరవు. అంటే ప్రకృతి రంగులన్నీ నిలుస్తాయనడమూ తప్పు, వెలిసిపోతాయనడమూ తప్పు. ఇదే నియమం అక్రిలిక్‌కూ వర్తిస్తుంది. కళ్ళు జిగేలుమనే గులాబీ రంగు ఏ ఉత్తమమైన జిగురులో ఉన్నా కొన్నేళ్ళ ఎండకు తెల్లబోతుంది. అందుకే మంచి ట్యూబులమీద వన్నెపొడి సంకేతం, వెలుతురుకు తట్టుకునే శక్తిని తెలిపే గుర్తు అచ్చువేస్తారు. కొనేవారు సీసామీది అందమైన పేరు కన్నా ఆ చిన్న అక్షరాలు చదవడం మేలు. పూలరసాన్నే అక్రిలిక్ జిగురులో కలిపితే రెండింటి లాభమూ దక్కదా అని కొందరికి తోచవచ్చు. ఆ జిగురు కాస్త క్షారగుణం కలది. శంఖుపుష్పపు నీలం క్షారం తగిలితే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది.

జిగురు సంగతికి వస్తే, మారేడు తడికి లొంగుతుంది, పురుగులకు ఆహారమవుతుంది. బెంగాల్ వానాకాలం ఈ రెండింటినీ సమృద్ధిగా సమకూరుస్తుంది. అక్రిలిక్ నీటికి లొంగదు, నూనెవలె పసుపెక్కదు. అయితే దాని వయసు ఇంకా డెబ్బై ఏళ్ళ చిల్లర. లండన్‌లోని టేట్ వంటి సంస్థలు జరిపిన పరిశోధనల్లో కొన్ని చిక్కులు బయటపడ్డాయి. కణాలు నీటిలో తేలడానికి కలిపిన సబ్బు వంటి పదార్థం కాలక్రమాన పొర పైకి తేలి మబ్బుగా కనబడుతుంది. తుడవబోతే పొర నీటిని పీల్చి ఉబ్బుతుంది. చలి ఎక్కువైతే పొర పెళుసెక్కుతుంది, వేడి ఎక్కువైతే మెత్తబడుతుంది. చల్లని దేశపు మ్యూజియంలో ఈ మెత్తదనం పెద్ద లెక్కలోనిది కాదు. నలభై డిగ్రీలు దాటే ఖరగ్‌పూర్ వేసవిలో మాత్రం మెత్తబడిన పొరమీద వాలిన ధూళి అక్కడే దిగబడుతుంది. రెండు బొమ్మలు ముఖాముఖి ఒత్తుకుంటే అంటుకుంటాయి.

గోడకు తగిలించే బొమ్మకు దీనివల్ల వచ్చే నష్టం కొంతే. చుట్టచుట్టి సంచిలో పెట్టుకుని, పాడవలసిన చోట సర్రున విప్పవలసిన పటానికి ఇది చిన్న విషయం కాదు. మందమైన అక్రిలిక్ పూత మీద వెనుకటి మడత గుడ్డ నెలల తరబడి ఒత్తుకుంటే, విప్పేటప్పుడు మనసాదేవి ముఖం గుడ్డతోపాటు లేచి రావచ్చు. పూత పలుచగా ఉండాలి, చుట్టేముందు నడుమ అంటుకోని కాగితం పరవాలి, చుట్ట వదులుగా ఉండాలి. పటువా ఇంట్లో రెండు రకాల రంగులూ పక్కపక్కన బతకడానికి ఇటువంటి లెక్కలు చాలా ఉన్నాయి. కెటిల్‌కూ చొక్కాకూ సీసా మూత తీస్తారు. పాడే పటానికి కొబ్బరిచిప్పలో ఎండిన నీలంమీద నాలుగు నీటిచుక్కలు చిలకరిస్తారు.